దులిపిన చెయ్యి

"దొరికావు!"

మెట్లామె ఉలిక్కిపడింది. చెయ్యి మాత్రం టమాటా పూలగుత్తి దగ్గరే ఆగిపోయింది.

గుమ్మంలో తోటమ్మ. తడి తల, భుజాన తువ్వాలు. స్నానానికని వెళ్ళినట్టే వెళ్ళి, కాపు కాసి వచ్చింది.

ఐదంతస్తుల పైన ఆవిడకొక గది ఉంది. మూడు వైపులా అద్దాలు, నాలుగో వైపు దోమతెర. పురుగు రాకూడదు, పావురం రాకూడదు. గాలి కూడా అడిగి రావాలి.

లోపల కుండీల నిండా టమాటా, వంగ, మిరప, క్యాప్సికం. పోయినేడు ఇంటితోటల పోటీలో షీల్డు వచ్చింది. అప్పట్నుంచి సొంత మొగుడు కూడా ఆవిడని తోటమ్మ అనే పిలుస్తాడు.

మెట్లామె ఆరేళ్ళుగా ఆ అపార్ట్‌మెంట్‌లో ఇళ్ళన్నిటికీ మెట్లు ఊడుస్తోంది. కింద మొదలుపెడితే పదింటికల్లా ఈ గది ఊడ్పుతో పని ముగుస్తుంది.

"నువ్వేనా రోజూ నా పూలు రాల్చేది?"

"రాల్చడం లేదమ్మా."

"మరి ఇవేంటి?"

తోటమ్మ నేల మీద పసుపుపచ్చ రేకులు గుప్పెడు ఏరి ఆమె ముక్కు ముందు పెట్టింది.

"అవి ఎండు రేకులమ్మా. లోపల పిందె కడితే రేకు దానంతటదే..."

"నాకే పాఠాలా? షీల్డు ఎవరికిచ్చారు, నీకా నాకా?"

కేకలకి మొగుడొచ్చాడు. వాచ్‌మన్ ఐదంతస్తులూ ఎక్కి, రొప్పుతూ వచ్చాడు.

"వీళ్ళిద్దరి ముందూ చెప్పు. నువ్వు నా పూలు దులిపావా లేదా?"

"దులిపానమ్మా."

"ఒక్క ఇవాళేనా?"

"రోజూ దులుపుతా. దులపకపోతే ఎలా?"

"విన్నారా! దొంగతనం చేసి, దబాయింపు కూడాను!"

మొగుడు నెమ్మదిగా అన్నాడు. "పోనీలేవే. ఏదో చెయ్యి ఊరుకోక..."

"మీరు మాట్లాడకండి. బీరకాయకీ సొరకాయకీ తేడా తెలీదు మీకు."

"కంచంలోకి వస్తే తెలుస్తుంది," అనేసి ఆయన అద్దంవైపు తిరిగాడు.

"ఒక్క మాట వినండమ్మా. వేలితో ఇలా..."

"నీ మాట వింటే నా చెవులు కడుక్కోవాలి!"

దులపడమంటే ఏంటో అప్పుడు తోటమ్మ చూపించింది. తిట్టిన తిట్టు తిట్టకుండా దులిపేసింది. ఇంటింటికీ ఫోన్ చేసి దొంగ అని చెప్పింది. ఇక ఏ అంతస్తులోనూ అడుగు పెట్టొద్దంది.

ఇరవై ఇళ్ళు. ఆరేళ్ళ చాకిరీ. ఇదేం న్యాయమని ఒక్క నోరు పెగల్లేదు. ఆ పొద్దున ఆమె ఊడ్చిన మెట్ల మీదే దిగి, ఎవరి పనికి వాళ్ళు పోయారు.

మెట్లామె చీపురు అద్దానికి ఆనించింది.

"పదింటికి మరిచిపోకండమ్మా," అంది వెళ్తూ.

"ఏంటి మరిచిపోయేది? నీ మొహమా? ఫో!"

వెళ్ళిపోయింది.

దొంగ పోయింది గదా, పూలు నిలవాలి. నిలవలేదు. అంతకుముందు ఉత్త రేకులే పడేవి. ఇప్పుడు పువ్వుకి పువ్వు, తొడిమతో సహా పడుతోంది.

"ఇప్పుడెవరు దులుపుతున్నారే?" అన్నాడు మొగుడు.

"దాని కళ్ళు! పోతూ పోతూ కళ్ళన్నీ ఇక్కడే పెట్టి పోయింది."

తోటమ్మ రెట్టింపు ఎరువు వేసింది. ఆకులు అరచెయ్యంత అయ్యాయి. కొమ్మలు బొటనవేలంత లావెక్కాయి. వెతికి చూసినా పిందె లేదు. పోటీవాళ్ళు చూడ్డానికి రావడానికి ఇంక ఇరవై రోజులే ఉంది.

మెట్ల మీద దుమ్ము కూడా పేరుకుంది.

"పోనీ దాన్నే రమ్మను," అంది తోటమ్మ ఓ రోజు వాచ్‌మన్‌తో. "మెట్ల వరకే. ఈ గది జోలికి రాకూడదని చెప్పు."

"ఆమె లేదు మేడం. గది ఖాళీ చేసి పోయింది."

"ఎక్కడికి?"

"తెలీదు. దొంగ అన్నాక ఈ వీధిలో ఎవరు పనిస్తారు మేడం?"

తోటమ్మ విననట్టు ఎరువు డబ్బా మూత తిప్పింది.

మర్నాడు పొద్దున్నే విత్తనాల కొట్టాయన్ని పిలిపించింది. వాచ్‌మన్ ఆయన్ని పైకి తీసుకొచ్చాడు.

"మీ విత్తనం మంచిది కాదు," అంది తోటమ్మ, ఆయన గడప దాటి లోపలికి రాకముందే.

"పోయినేడు ఇచ్చింది ఈ రకమేనమ్మా."

ఆయన ఆకు చూడలేదు, వేరు చూడలేదు. తలెత్తి అద్దాల వంక చూశాడు. దోమతెర వంక చూశాడు. తర్వాత ఎడమ చెయ్యి చాపి, పూలగుత్తి కింద పట్టి, కుడి వేలితో కాడని టక్ టక్‌మని కొట్టాడు.

అరచేతిలో సన్నగా పిండిలా పుప్పొడి రాలింది.

"చూశారా? ఇది రాలితేనే పిందె. టమాటా, వంగ, మిరప, అన్నిటిదీ ఒకటే తంతు. బయటైతే గాలి ఊపుతుంది, తేనెటీగ దులుపుతుంది. ఇలా బిగించుకుంటే మనిషి దులపాలి."

"ఏం చెయ్యాలి?"

"దులపాలమ్మా. పూత దులపాలి. రోజూ, ఎండ కాస్త ఎక్కాక. పదింటికలా."

మొగుడు మెల్లగా కుండీ అంచు మీద కూర్చున్నాడు.

కొట్టాయనకి జరిగిందేమీ తెలీదు. షీల్డు చూశాడు, మళ్ళీ అద్దాలు చూశాడు. బుర్ర గోక్కున్నాడు.

"అయితే పోయినేడు అంత కాపు ఎలా కాసిందమ్మా? ఈ గదిలోకి తేనెటీగ వచ్చే దారే లేదే!"

"వచ్చేది సార్," అన్నాడు వాచ్‌మన్, నేల చూస్తూ. "రోజూ పదింటికి, చీపురు పట్టుకుని వచ్చేది."