ఎటు తిరిగినా 6174

"నాలుగంకెల సంఖ్య అనుకో బాబూ. నాలుగూ ఒకటే కాకూడదు, అంతే," అన్నాడు టైలరు మాస్టారు, కటింగు బల్ల మీద సుద్దముక్క దొర్లిస్తూ.

ఎదురుగా కూర్చున్న కుర్రాడు ముందుకు వంగాడు. మాస్టారి కూతుర్ని చేసుకుంటానని వచ్చినవాడు. ఆమె పనిచేసే కాలేజీలోనే ఉద్యోగమట. అంతకుమించి మాస్టారు అడగలేదు. లెక్క 6174 దగ్గర ఆగకుండా తప్పించి గెలిస్తే పిల్లనిస్తానన్నాడు, ఓడితే చొక్కాలకి గుండీలు కుట్టమన్నాడు.

మాస్టారికి ఓడిపోవడమంటే ఒళ్లు మంట. ఇంతకుముందు వచ్చిన సంబంధం కుర్రాడు సరదాగా చదరంగం ఆడి, నిమిషాల్లో ఆయన రాజుని కట్టేశాడు. వాడికి కాఫీ కూడా పోయకుండా సాగనంపాడు. ఆ తర్వాత ఈయన మూతి ముడుపు చూడలేక కూతురే ఈ లెక్క చెప్పింది, దీంతో నిన్నెవరూ ఓడించలేరు నాన్నా అని. ఇక అప్పట్నుంచి మనిషి నేల మీద నిలవడం లేదు.

"2111," అన్నాడు కుర్రాడు.

"అంకెల్ని పెద్ద నుంచి చిన్నకి పేర్చు. తిరగేసి అందులోంచి తీసెయ్."

"999. మూడంకెలే వచ్చాయి మాస్టారూ. ఆట ఆగిపోయినట్టే కదా?"

"అంత సంబరపడకు. ముందు సున్నా పెట్టుకో. మా కొట్లో సున్నాకీ విలువుంది."

మళ్లీ పేర్చాడు, మళ్లీ తీసేశాడు. 8991. తర్వాత 8082. తర్వాత 8532. పాపం, కుర్రాడి నుదుటికి కూడా సుద్ద అంటింది. చివరికి బల్ల మీద 6174 పడింది.

"ఇంకొక్కసారి తీసేస్తే?"

"7641లోంచి 1467 పోతే మళ్లీ అదే. ఏ సంఖ్యతో మొదలెట్టినా ఏడుసార్లలోపు అక్కడికి రావలసిందే. వచ్చాక ఇంకెక్కడికీ పోదు."

కుర్రాడు నిట్టూర్చి, చొక్కాల కుప్ప దగ్గర మాస్టారి కూతురి పక్కన చతికిలబడ్డాడు. ఆమె సూదీ దారం అందించింది.

ఆదివారాలు గడిచాయి. వాడు రావడం, ఓడడం, గుండీలు కుట్టడం. ఒక్కనాడూ విసుక్కోలేదు. వాన పట్టుకున్న ఒక ఆదివారం వాడు రావడం ఆలస్యమైతే, మాస్టారికి కుట్టు మీద మనసు నిలవలేదు. కాలుగాలిన పిల్లిలా గుమ్మానికీ మిషనుకీ మధ్య తిరిగాడు. వాడు తడిసి ముద్దై వచ్చాడు. వచ్చి, ఎప్పట్లాగే ఓడిపోయాడు.

వీడూ ఆ 6174 లాంటివాడే, ఎటు తిరిగినా ఇక్కడికే వస్తాడు అనిపించింది మాస్టారికి. మనసు కరిగిపోయింది.

"ఒరే, ఆ సుద్ద పక్కన పెట్టు. నువ్వు ఈ జన్మలో నన్ను గెలవలేవు. అయినా పిల్లనిస్తున్నా. ఓటమిని ఇంత మర్యాదగా ఒప్పుకునేవాణ్ని నేనెక్కడా చూళ్లేదు. నా వల్ల కాదు ఆ పని."

కుర్రాడు తల వంచుకుని దారం కొరికాడు. కూతురు నవ్వాపుకోడానికి పెదవి కొరుక్కుంది.

పెళ్లి కోటు తానే కుడతానని, మాస్టారు కాబోయే అల్లుణ్ని నిలబెట్టి ఛాతీ చుట్టూ టేపు తిప్పాడు. ఆ ఊపులో ఇన్నాళ్లూ తోచని ప్రశ్న ఒకటి తోచింది.

"ఇంతకీ అమ్మడూ, ఇంత గొప్ప లెక్క నీకెవరు నేర్పారే?"

"మా కాలేజీ లెక్కల లెక్చరరు నాన్నా, ఇప్పుడు నీ టేపులో ఉన్నది ఆయనే."