హాలిస్ గ్రేడీ అనని మాట

"అదిగో, మళ్లీ తలూపుతున్నారు!" ఫ్రాన్సీన్ బల్ల మీద చరిచింది. "ఎదుటివాడు మిమ్మల్ని ఉతికి ఆరేస్తుంటే అవునవునని తలూపడమేంటి డెలోరిస్ గారూ?"

డెలోరిస్ ప్రూయిట్ ఉలిక్కిపడి మెడ నిటారుగా పెట్టింది. తలూపిన సంగతి ఆమెకే తెలియదు.

చర్చి నేలమాళిగలో మధ్యాహ్నం వేయించిన చేపల వాసన ఇంకా పోలేదు. రేపు సాయంత్రం దేశ చట్టసభ కాంగ్రెస్‌లో సీటుకు పోటీపడుతున్న ఇద్దరికీ జనం ముందు ముఖాముఖి చర్చ. ఆ సీటుకు బంకలా అతుక్కుపోయిన హాలిస్ గ్రేడీ ఒకవైపు, కొత్తగా దిగిన డెలోరిస్ ఇంకోవైపు. ఇవాళ దానికి రిహార్సల్. హాలిస్ వేషం కట్టినవాడు ఎజ్రా కల్పెపర్. చర్చిలో ఏటా ఈస్టర్ నాటకంలో యేసుకు శిక్ష వేసే పిలాతు ఆయనే, గొంతు ఖంగుమంటుంది. పోయిన వారం తనంతట తానే వచ్చి, "హాలిస్‌గా నేను చేస్తానమ్మా, మేడమ్‌కి చెమటలు పట్టిస్తా" అన్నాడు. ప్రచారం నడుపుతున్న ఫ్రాన్సీన్ ఎగిరి గంతేసి, ఎర్ర టై ఒకటి తెచ్చి తన చేతులతోనే ఆయన మెడలో కట్టింది.

చెమటలు పట్టాయి గానీ, అన్నిటికీ కాదు. పోస్టులో వేసే ఓట్లు మోసమని ఎజ్రా గద్దిస్తే, "మంచం దిగలేని మీ అమ్మగారు ఎలా వేస్తున్నారు హాలిస్ గారూ?" అని డెలోరిస్ తిప్పికొట్టింది. నియోజకవర్గాల సరిహద్దు గీతలు సక్రమంగానే గీశామంటే, "మా కుక్క రోడ్డు దాటితే దాని కాంగ్రెస్‌మన్ మారిపోతున్నాడు" అంది. ఫ్రాన్సీన్ పడీపడీ నవ్వింది.

చిక్కల్లా ఒక్కచోటే. జైలుకెళ్లి వచ్చినవాళ్లకు ఓటు తిరిగి ఇప్పిస్తానని డెలోరిస్ ఊరూరా చెబుతోంది. అసలు ఆమె మాటల్లో జనానికి గుర్తుండేది అదే. కానీ పోయినేడు దాకా ఆమె ప్రాసిక్యూటర్. ఆమె జైలుకు పంపినవాళ్లు ఈ కౌంటీలో వీధికొకరుంటారు. "పంపిన చేత్తోనే ఓటు ఇస్తుందట" అని హాలిస్ మనుషులు వెక్కిరిస్తున్నారు. రేపు అందరి ముందూ దీని మీద తడబడితే సీటు పోవడం అలా ఉంచి, ఆమె మారిందన్నది అబద్ధమని తేలిపోతుంది. ఆ భయం ఆమెకూ ఉంది.

"ఇంకోసారి అనండి బ్రదర్" అంది ఫ్రాన్సీన్.

ఎజ్రా గొంతు తగ్గించాడు. తగ్గించినప్పుడే ఆ గొంతుకు బలమెక్కువ.

"తెలియక ఓటు వేశానంటాడు. తెలుసుకోవాల్సింది ఎవరు? నేనా, మీరా? చట్టాన్ని లెక్కచేయనివాడు చట్టాలు చేసేవాళ్లను ఎంచుతాడట! అలాంటివాడి ఓటు ఒక్కటి పెట్టెలో పడితే చాలు, ఈ గదిలో కూర్చున్న మీ అందరి ఓట్లకూ మురికి అంటినట్టే."

"గదేంటి బ్రదర్? రేపు అక్కడ పెద్ద హాలు. 'ఈ ఊళ్లో' అనండి."

"నా నోటికి అలాగే వస్తోందమ్మా."

డెలోరిస్ మంచినీళ్లు తాగింది. ఆ మాటలు ఎక్కడో విన్నట్టే ఉంది. ఎక్కడో తెలియదు. విడ్డూరమేమిటంటే, వింటున్నంతసేపూ అవి ఆమెకు సబబుగానే తోస్తున్నాయి.

"ఇవి హాలిస్ ఎక్కడన్నాడు ఫ్రాన్సీన్?"

"నాకేం తెలుసు? ఆయన ప్రసంగాలన్నీ బ్రదర్‌కి ఇచ్చాను. ఇది అందులో లేదు. పోనీలెండి, దీనికి జవాబు చెప్పగలిగితే ఆ హాలిస్ మీకో లెక్కా?"

"మనం ఇదివరకు ఎక్కడైనా కలిశామా బ్రదర్?" అని అడిగింది డెలోరిస్.

"ఒకే కౌంటీ కదా మేడమ్. కలిసే ఉంటాం."

ఆమె అయోమయం ఇంకా పెరిగింది. "అసలు నాకు అర్థం కానిది ఇది. నేను ఓటు హక్కు ఇవ్వమంటున్నాను. ఈయనేమో అప్పటికే వేసేసినవాడిని తిడుతున్నాడు."

"అయితే వాడి తరఫునే మాట్లాడండి" అన్నాడు ఎజ్రా. "వాడి తరఫున ఎవరైనా మాట్లాడితే వినాలనుంది."

డెలోరిస్ లేచి నిలబడింది. మాటలు వాటంతటవే దొర్లుకొచ్చాయి.

"వాడు జైలుశిక్ష ముగించుకుని ఇంటికొచ్చాడు. పనిలో చేరాడు. విడుదలయ్యాక కూడా ఉండే పెరోల్ నిఘా గడువు తీరేదాకా ఓటు లేదని ఒక్కడూ చెప్పలేదు. బూత్‌లో పేరడిగి, బ్యాలెట్ చేతికిచ్చి, వేశాక చొక్కాకు 'ఓటేశాను' అనే స్టిక్కరు కూడా ఇచ్చింది మనవాళ్లే. వాడు దాన్ని అంటించుకుని మురిసిపోతూ పనికెళ్లాడు. నిజంగా దొంగ ఓటు వేసేవాడు సొంత పేరు చెప్పి వేస్తాడా హాలిస్ గారూ? అలాంటివాణ్ని మళ్లీ లోపలేస్తే మురికి అంటింది వాడి ఓటుకు కాదు, మనకు!"

ఫ్రాన్సీన్ కళ్లు తుడుచుకుంది. "ఇదే. అక్షరం మార్చకుండా రేపు ఇదే చెప్పండి. ఏమంటారు బ్రదర్?"

ఎజ్రా కుర్చీలో కూలబడి మెల్లగా టై విప్పుతున్నాడు. డెలోరిస్ వచ్చి ఆయన పక్కన కూర్చుంది. గుండె మీది బరువు దిగిపోయి ఆమెకు చాలా హాయిగా ఉంది.

"మీరు చెప్పిన మాటలు ఎవరివో గానీ బ్రదర్, వాడికి మనసు లేదు. ఆ మనిషి మొహం ఒక్కసారి చూసి ఉంటే అలా అనగలిగేవాడా?"

"చూసే అన్నారు."

"ఎవరు? హాలిసా?"

ఎజ్రా తల అడ్డంగా ఊపాడు.

"నా కేసులో జ్యూరీ ముందు అన్నది మీరే, మేడమ్."