ఎప్పుడూ పెట్టే చోటే

కొత్త గ్రాఫిక్స్ కార్డు బిగించి స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరిగాయి, లైటు వెలిగింది. తెర మాత్రం నల్లగా ఉండిపోయింది.

కార్డు పీకేస్తే బొమ్మ వస్తోంది. పెడితే పోతోంది. పొద్దున్నుంచి బంగార్రాజు దాన్ని పదకొండుసార్లు పీకి, పదకొండుసార్లు పెట్టాడు. ర్యామ్ తీసి రబ్బరుతో రుద్దాడు. పవర్ సప్లై మార్చాడు. తెర కరుణించలేదు.

"నాన్నా, ఐదింటికి బిల్డరు వచ్చేస్తాడు," అంది కూతురు ఝాన్సీ. ఈ హిందీ ఊళ్లో కుదుదండ్ పేటలో కట్టబోయే ఇంటిని అతనికి తెర మీద గదిగదీ తిప్పి చూపించాలి. ఇళ్ల డిజైన్లు గీసే ఆ పిల్లకు దొరికిన మొదటి పని అది. కంప్యూటర్లో పుట్టుకతో ఉన్న వీడియోతో ఆ ఇల్లు కదలడం లేదు. వంటింట్లోంచి హాల్లోకి రావడానికే టీ తాగేంత సేపు పడుతోంది. అందుకే ఈ కార్డు. "దీన్ని ఇంకెవరికైనా చూపిద్దాం, ప్లీజ్."

"ఇంకెవరికైనానా?" బంగార్రాజు స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. "నేనున్నాను కదేటే! ఇంకొకడికి చూపిస్తే ఊళ్లో నా మొహం ఏటవుద్ది?"

"నీ మొహం తర్వాత, నాన్నా. ముందు నా స్క్రీన్ చూడు. నల్లగా, బిల్కుల్ కాలా."

వంటింట్లోంచి భార్య సౌభాగ్య అందుకుంది. "కొట్టు తీయకుండా పొద్దున్నుంచి దాని ముందే కూకున్నారు. పోనీ, టీవీని కొట్టినట్టు ఓటి కొట్టి చూడండి."

కొట్టాడు కూడా.

మధ్యాహ్నం ఒంటిగంటకి బంగార్రాజు లెక్క చూసుకున్నాడు. చేతకాలేదని ఒప్పుకుంటే పరువు నష్టం. ఒప్పుకోకపోతే పిల్ల పని నష్టం. రెండూ నిలబడే మూడో దారి ఒకటి ఉండాలి. ఆయన ఇంతకాలం బతికింది ఆ మూడో దారి మీదే.

స్టేషన్ దగ్గర కంప్యూటర్ దుకాణాలు మూడున్నాయి. మూడూ ఎరిగినవాళ్లవే. ఎరిగినవాడు ముందు నవ్వుతాడు, సాయంత్రానికి ఆ నవ్వు రైల్వే కాలనీ అంతా పంచిపెడతాడు. ఎరగనివాడైతే పని చేసి ఊరుకుంటాడు.

"తెలిసినోడి దగ్గర పెద్ద పవర్ సప్లై ఉంది. పెట్టి చూసొస్తాను," అని సీపీయూని దుప్పట్లో చుట్టి, ఇక్కడివాళ్లు ఎండకి చుట్టుకునే గంచా తువ్వాలుతో కళ్లు తప్ప మొహమంతా కప్పేసుకుని, ఆటో ఎక్కి ఊరి చివర సిర్గిట్టి వెళ్లాడు.

గోదాముల వెనక చిన్న కొట్టు. లోపల పాతికేళ్ల అమ్మాయి. ఇంటి నుంచి వచ్చిన ఫోనుకి ఆయన జవాబు చెప్పడం విని, "తెలుగువాళ్లా అంకుల్? నా పేరు ప్రణీత. మాది కొత్తగూడెం," అంది. "ఫ్యాన్ కింద కూడా గంచా ఎందుకు?"

"జలుబమ్మా."

"మే నెలలోనా? అచ్ఛా."

సీపీయూని తన మానిటరుకి తగిలించి స్విచ్ వేసింది. మొదటిసారికే బొమ్మ వచ్చేసింది.

"కార్డు మంచిదే అంకుల్. ఏ తప్పూ లేదు."

"ఎంతివ్వాలి?"

"నేనేం చేశాను ఇవ్వడానికి?" అని నవ్వి, నంబరు రాసిచ్చింది. తానైతే దుమ్ము దులిపానని చెప్పైనా ఏదో ఒకటి పుచ్చుకునేవాడు. ఈ పిల్ల బాగుపడదు అనుకున్నాడు బంగార్రాజు.

ఇంటికొచ్చి వైర్లన్నీ తగిలించాడు. స్విచ్ వేశాడు.

నలుపు.

నాలుగుంపావు అయింది. ఝాన్సీ గోడవైపు తిరిగి బిల్డరు నంబరు వెతుకుతోంది, రావద్దని చెప్పడానికి. ఆ వీపు చూశాక బంగార్రాజుకి పరువు కాస్త చవగ్గా కనిపించింది. పెరట్లోకెళ్లి, గొంతు తగ్గించి ప్రణీతకి ఫోన్ చేశాడు.

"మానిటరు వైరు ఎక్కడ పెట్టారంకుల్?"

"ఎప్పుడూ పెట్టే చోటే."

అవతల నవ్వు ఆపుకుంటోందని ఆయనకు తెలుస్తూనే ఉంది.

"ఎప్పుడూ పెట్టే చోట కాదంకుల్. కొత్త కార్డు పెట్టాక పాత సాకెట్ పని చెయ్యడం మానేస్తుంది. కిందగా, కొత్త కార్డుకే ఇంకో సాకెట్ ఉంటుంది చూడండి. అందులో పెట్టండి."

లోపలికెళ్లి పెట్టాడు. తెర మీద కుదుదండ్ ఇల్లు వెలిగింది. వంటింట్లోంచి హాల్లోకి నీళ్లలా జారింది. ఝాన్సీ చప్పట్లు కొట్టింది. "ఏం చేశావు నాన్నా?"

"లోపల పెద్ద సెట్టింగేలే. నీకర్థం కాదు."

ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది. మళ్లీ పెరట్లోకి నడిచాడు.

"వచ్చిందా అంకుల్? అసలు ఇంతకీ దాన్ని బిగించిందెవరు?"

బంగార్రాజు తటపటాయించాడు. చెడ్డపేరు ఎవరో ఒకరి ఖాతాలో పడాలి కదా. "రైల్వే కాలనీ గేటు దగ్గర చిన్నమ్మి కంప్యూటర్స్ అని ఉంది చూడు. ఆడే."

"ఆయనా? చాలా సీనియర్ అంటారే!"

"సీనియరేటి, ముసలి తుప్పు. ఆడికేటీ రాదు. నోరొక్కటే ఉంది."

"వదలకండి అంకుల్. వైరు ఎక్కడ పెట్టాలో తెలీనివాడికి కొట్టు మీద బోర్డు ఎందుకని అడగండి."

"అడుగుతానమ్మా. ఇయ్యాల ఆడి సంగతేటో తేల్చేస్తాను."

ఐదున్నరకి బిల్డరు రెండో ఇంటి పని కూడా ఒప్పజెప్పి వెళ్లిపోయాడు. బంగార్రాజు స్కూటరు తీసి తిన్నగా కాలనీ గేటు దగ్గరికెళ్లి, తన తల్లి పేరు రాసున్న ఆ బోర్డు కింద ఆగి, ఇరవై రెండేళ్లుగా రోజూ చేస్తున్నట్టే జేబులోంచి తాళం తీసి షట్టరు ఎత్తాడు.