జైలు సెట్టు

“మీల ఒకడు జైలుకు పోయొచ్చినోడున్నడు. వానంతట వాడే ముందటికొస్తే మంచిది. నేను పట్టుకుంటే వేరే ఉంటది!”

ఫిల్మ్ నగర్ స్టూడియోలో వేసిన జైలు సెట్టులో ఏజెంటు ఓంప్రకాష్ అరుస్తున్నాడు. హీరో సెల్‌ఫోను పోయింది. ఖైదీ బట్టలు తొడుక్కున్న జూనియర్ ఆర్టిస్టులంతా అతను తెచ్చినవాళ్లే.

వాళ్లలో ఒకడైన బాలనర్సయ్య ముందువాడి వెనక్కి జరిగాడు. ఫోను సంగతి అతనికి తెలియదు. జైలు సంగతి తెలుసు.

ములాఖత్ సీనులో ఖైదీ భార్యగా నిలబడాల్సిన మల్లమ్మ నిజంగానే అతని భార్య. మెల్లగా పక్కకు చేరింది.

“మనోజ నాయినా, మొకం గట్ల వెట్టకు. జర మామూలుగ నిలవడు.”

“నా పేరు చెప్పిన్రేమోనే.”

“చెప్తే గీ పాటికి గల్లా పట్టేటోడు. బోరబండల ఇల్లిప్పిచ్చింది గూడ గీయ్ననే. తెలిస్తే మళ్ల సామాను నెత్తిన వెట్టుకునుడే. పిల్లకు పరీక్షలున్నయి.”

కోర్టు శిక్ష వేసింది అతనొక్కడికే. సంగతి తెలిసి ఇంటివాళ్లు ఖాళీ చేయించింది మాత్రం ముగ్గురి చేత, పోయిన ప్రతి బస్తీలోనూ. బడి మారినప్పుడల్లా కూతురు మనోజ, తన తండ్రి దుబాయిలో ఉన్నాడని కొత్తగా చెప్పుకుంది.

ఒక్కొక్కడి మొహంలోకి చూస్తూ వచ్చి ఓంప్రకాష్ బాలనర్సయ్య ముందు ఆగాడు.

“చెమటలు వడుతున్నయేంది నీకు?”

“లైట్ల వేడన్నా...”

“లైట్లు ఇంక ఎయ్యనే లేదు గదరా! నా దిక్కు చూడు. లోపలికి పోయొచ్చినోని చూపు నాకెర్కే.”

మల్లమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

డైరెక్టర్ మైకులో కేకేశాడు. “రిహార్సల్ అండీ! వార్డర్ ఈల వేయగానే అందరూ వరసలో నిలబడాలి. రెడీ!”

“ఇది అయిపోనీ, నీ సంగతి చూస్త,” అంటూ ఓంప్రకాష్ పక్కనే నిలబడ్డాడు.

ఈల మోగింది.

ఖైదీ బట్టలవాళ్లు బిలబిలమంటూ వరసలోకి పరిగెత్తారు. బాలనర్సయ్య ఉన్నచోటే గొంతుక్కూర్చున్నాడు. జైల్లో ఈల వింటే అలాగే కూర్చోవాలి. పక్కవాడితో జంటకట్టి, తల వంచి, లెక్క తేలేదాకా. ఒంటికి పట్టిన అలవాటు, బుర్రను అడగలేదు.

అయిపోయింది. పని పోయింది. ఇల్లు పోయింది. పిల్ల పరీక్ష పోయింది. ఇక వీపు మీద తన్ను పడడమే మిగిలింది. కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

తన్ను పడలేదు. తిట్టూ వినపడలేదు. భయంభయంగా పక్కకు చూశాడు.

అతనికి జంటగా, భుజానికి భుజం ఆనించి, తల వంచుకుని ఓంప్రకాష్ గొంతుక్కూర్చుని ఉన్నాడు.