మూసేముందు చెప్పాల్సిన మాట

“లైట్లు ఆర్పేముందు ‘మూసేస్తున్నాం, లేవండి’ అని గట్టిగా చెప్పమ్మా. ఎవరూ లేకపోయినా సరే,” అన్నాడు రిటైరై వెళ్తున్న లైబ్రేరియన్.

“ఖాళీ కుర్చీలకా? ముసలాయనకి చాదస్తం ముదిరింది,” అని అతను వెళ్ళాక మూతి తిప్పుకుంది కొత్తగా చేరిన అమ్మాయి. వేలికి ఉమ్మి తడి చేసుకుని పేజీలు తిప్పే పాఠకులన్నా ఆమెకు అంతే చులకన.

ఆ రాత్రి ఏమీ చెప్పకుండానే లైట్లు ఆర్పేసి, తాళం పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. వెనక చీకట్లో ఎవరో వేలు తడి చేసుకున్న చప్పుడు. పేజీ తిరిగింది.

“చీకట్లో ఏం చదివి ఉద్ధరిస్తారట?” అంది.

ఇప్పుడు బల్లబల్లకీ పేజీలు తిరుగుతున్నాయి.

“మూ... మూసేస్తున్నాం. లేవండి.”

పేజీల చప్పుడు ఆగిపోయింది. ఆ తర్వాత గది నిండా కుర్చీలు ఒక్కసారే వెనక్కి జరిగాయి.

బయటికి వెళ్ళడానికి ఉన్నది ఒకటే గుమ్మం. అందులో నిలబడ్డ ఆమెకు కాళ్ళు కదలడం లేదు.