పెంటికల గంప

మేకల మెడపట్టీలు ఒక్కసారిగా కూత పెట్టాయి. కంటికి కనపడని కంచె అక్కడే ఉంది, ఇంకో అడుగు వేస్తే పట్టీ మెడకు చురుక్కుమని షాకు కొడుతుంది. మేకలు వెనక్కి తిరిగాయి. వాటిని మేపే సన్నక్క మాత్రం నెత్తిన గంపతో ఏడో గుట్ట ఎక్కింది.

మూడేళ్లుగా అటవీశాఖ డ్రోన్లు ఆ గుట్ట మీద తుమ్మగింజలు చల్లుతున్నాయి. ఒక్క మొక్కా లేవలేదు. చెట్లు లేస్తే గుట్టను మళ్లీ మేతకు తెరుస్తారు. ఈ వానలకూ లేవకపోతే సోలార్ పలకలకు ఇచ్చేస్తారు.

కాపలా ఓబులేసు ఎదురొచ్చాడు. "గంపలో ఏందక్కా?"

"మేక పెంటికలు. పది దినాలుగా దొడ్లో తుమ్మకాయలే మేపితి."

"మేకలు రాగూడదని గదా కంచె పెట్టింది!"

"మేకలు రాలేదు గదప్పా. నా మెడకు పట్టీ లేదు. తుమ్మగింజ మేక కడుపులో నాని బయటపడితేనే బాగా మొలిచేది. మా నాయన మేకలెనకాల నడిచి తెలుసుకున్యాడు. మీ డ్రోన్లు పైన్నే తిరుగుతాండాయి."

ఓబులేసు పైవాళ్లకు చెప్పడానికి తీసిన ఫోను జేబులో పెట్టుకుని, గంప దించడానికి చెయ్యి వేశాడు.

రెండు వానలు పడ్డాక సన్నక్క ఫోను పలికింది. "ఏడో గుట్టపై మొలకలు కనిపించాయి. వాటి రక్షణ కోసం కంచెను ఇరవై అడుగులు ఊరివైపుకు జరిపాం. మేకలను దూరంగా ఉంచండి."

సన్నక్క దొడ్లోకి పోయి మేకల ముందు మళ్లీ తుమ్మకాయలు పోసింది.

"మీ కడుపులోంచి లేసిన మొక్కలే. మీరే దూరంగా ఉండల్లంట. తినండి."