వదలని బాణం

"ఈ మిరియాల డబ్బా నేను," అన్నాడు వెర్న్. "నీ కాఫీ చెంచా వాగు. ఉప్పు డబ్బా ఆ కొమ్ముల జింక."

"మరి నేనెక్కడున్నాను?" అంది అర్లీన్.

"నువ్వు ఇంట్లో ఉన్నావు."

"అది నాకు తెలుసులే."

విల్లు వేట గడువు ముగిశాక వచ్చిన మొదటి ఆదివారం అది. విస్కాన్సిన్ చలికి వంటింటి కిటికీ తెల్లగా గడ్డకట్టింది. సెప్టెంబరు నుంచి జనవరి దాకా వెర్న్ తెల్లారకముందే వెళ్ళి ఓక్ చెట్టు మీది మంచె ఎక్కేవాడు. అర్లీన్ ఒక్కతే రొట్టె కాల్చుకుని, రేడియోలో మనిషికి జవాబులు చెబుతూ తినేది. చర్చిలో ఆడవాళ్ళు "పాపం, ఈ ఏడూ ఇంతేనా?" అని ఆమె భుజం తట్టేవారు. ఎండాకాలమంతా మొగుడు ఇంట్లోనే ఉండేవాడని, టీవీ ముందు కూర్చుని "ఊ", "ఆ", "ఉప్పు తగ్గింది" అనే మూడు ముక్కలతో నెలలు గడిపేవాడని వాళ్ళకు ఆమె చెప్పలేదు.

"చూడు, ఇంత దగ్గరికొచ్చింది," ఉప్పు డబ్బాను జరిపాడు వెర్న్. "అల్లెతాడు లాగాను. అంతే! ముక్కు పైకెత్తి, కాలు నేలకేసి కొట్టి, బుస్సుమని ఒకటే పరుగు. మూడేళ్ళుగా ఇదే వరస."

"నిన్ను చూసిందేమో."

"చూడలేదు. వాసన పట్టింది."

"నీ బట్టలు వంటసోడాలో ఉతికి ఆరుబయట ఆరేసింది నేను. వేట రోజుల్లో పొయ్యి మీద పంది మాంసం కూడా వేయించలేదు. నా మీద పెట్టకు."

"నిన్నన్నానా? గాలి. అంతా గాలి వల్లే."

అతను మిరియాల డబ్బాను చెంచా అవతలికి మార్చాడు. అర్లీన్ దాన్ని ఇంకాస్త పక్కకు జరిపింది.

"పడమటి గాలి కదా. ఇక్కడైతే?"

వెర్న్ తలెత్తి ఆమెకేసి చూశాడు.

"ఈ బుర్ర ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావు?"

"అంట్ల కింద."

అతను పగలబడి నవ్వాడు. రెండో కప్పు కాఫీ అడిగాడు. కొత్త మంచె గురించీ, రబ్బరు బూట్ల గురించీ, జింక నడిచే దారి గురించీ పొద్దుగూకే దాకా చెబుతూనే ఉన్నాడు.

"దాన్ని ఒక్కసారి కొట్టానంటే విల్లు గోడకెక్కించేస్తా. మళ్ళీ చెట్టెక్కితే ఒట్టు! ఇంటిపట్టునే ఉంటా. నీకూ తోడుంటుంది."

"ఉండి ఏం చేస్తావు?"

"ఏముంది, కూర్చుంటా. హాయిగా, నోరు మూసుకుని."

"బాగుంటుంది," అంది అర్లీన్, చెంచా తీసి కడుగుతూ.

సెప్టెంబరు వచ్చింది. వేట మొదటి రోజు తెల్లవారుజామున వెర్న్ గుమ్మంలో చేతులు చాచి నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళు గోడలకు రంగులు వేసి అతని ముక్కు ఎప్పుడో మొద్దుబారింది.

"నువ్వు చూడవే. వాసనేమైనా వస్తోందా?"

అర్లీన్ మునివేళ్ళ మీద లేచి అతని మెడ దగ్గర, కాలరు దగ్గర వాసన చూసింది.

"మంచినీళ్ళలా ఉన్నావు. వెళ్ళిరా."

"ఈసారి అది చచ్చిందన్నమాటే."

"వచ్చాక అంతా చెప్పాలి."

"పూసగుచ్చినట్టు చెబుతా!"

బండి మలుపు తిరిగే దాకా అర్లీన్ చెయ్యి ఊపుతూనే ఉంది.

అతని టోపీ లోపలి పట్టీకి, ఎప్పటిలాగే, తన సెంటు చుక్క అద్దింది ఆమే.